రామానుజన్ పుట్టినరోజు చదరం: మాయ తేదీలో లేదు

[తెర మీద]
22 12 18 87
88 17 9 25
10 24 89 16
19 86 23 11

డిసెంబర్ 22 వచ్చిందంటే చాలు, ఈ చదరం వాట్సాప్‌లో తిరగడం మొదలు. పై వరుస రామానుజన్ పుట్టిన తేదీ, 22-12-1887. అడ్డంగా, నిలువుగా, ఐమూలగా ఎటు కూడినా 139. నాలుగు మూలలు కూడినా, మధ్య నాలుగు గళ్లు కూడినా అంతే. ఇక్కడిదాకా బాగుంది. ఆ తేదీలోనే ఏదో దైవ రహస్యం ఉందని కింద రాస్తారు చూడండి, అక్కడే ఒళ్లు మండుతుంది. మీ బండి నంబరు వేసినా ఇలాంటి చదరం వస్తుందండీ!

పెళ్లి పంక్తి అనుకోండి. నాలుగు వరుసలు, వరుసకు నాలుగు గిన్నెలు, వంటకాలు నాలుగే.

[తెర మీద]
పప్పు కూర పులుసు పెరుగు
పెరుగు పులుసు కూర పప్పు
కూర పప్పు పెరుగు పులుసు
పులుసు పెరుగు పప్పు కూర

మొదటి వరుసను తిరగేస్తే రెండోది. మొదటి వరుసలోనే పక్కపక్క జంటల్ని తారుమారు చేస్తే మూడోది. దాన్ని తిరగేస్తే నాలుగోది. ఇప్పుడు ఏ వరుస, ఏ నిలువు, ఏ ఐమూల చూసినా నాలుగు వంటకాలూ ఒక్కోసారే ఉన్నాయి. పప్పు 22, కూర 12, పులుసు 18, పెరుగు 87 అనుకుంటే మొత్తం 139 కాక ఇంకేమవుతుంది?

కానీ ఒక్కో సంఖ్య నాలుగుసార్లు వచ్చింది, చూడగానే గుట్టు తెలిసిపోతుంది. అందుకే ఉప్పు.

[తెర మీద]
0 0 0 0
+1 −1 −3 +3
−2 +2 +2 −2
+1 −1 +1 −1

ఒక గిన్నెలో చిటికెడు వేస్తే అదే వరుసలో ఇంకోచోట తీశాం. నిలువులోనూ, ఐమూలలోనూ అంతే, ఎటు కూడినా సున్నా. రెండో వరుస మొదటి గిన్నె: పెరుగు 87కి 1 కలిపితే 88. పెరుగులో ఉప్పేంటని అడక్కండి, మజ్జిగ అనుకోండి.

ఇప్పుడు 15-8-1947 వేయండి. ఎటు కూడినా 89 వస్తుంది, కానీ 18 రెండుసార్లు, 17 రెండుసార్లు పడతాయి. పప్పుకీ పులుసుకీ మధ్య తేడా నాలుగే కాబట్టి 15+3, 19−1 ఒకటే అయిపోయాయి. జనవరి, ఫిబ్రవరిలో పుట్టినవాళ్లకైతే కూర నుంచి 3 తీసేసరికి రుణ సంఖ్య వస్తుంది. రెండింటికీ ఒకటే మందు: ఉప్పు గుర్తులన్నీ తిరగేయండి, ప్లస్‌ని మైనస్, మైనస్‌ని ప్లస్.

[తెర మీద]
15 8 19 47
46 20 11 12
10 13 45 21
18 48 14 9

ఒక్కటీ రిపీట్ కాలేదు. అయితే ఈసారి 1, 2 తేదీల వాళ్లకు పప్పు దగ్గర రుణ సంఖ్యలు వస్తాయి, వాళ్లు పాత ఉప్పే వాడుకోవాలి; వాళ్లు జనవరి, ఫిబ్రవరిలో పుట్టి ఉంటే మాత్రం అదీ కుదరదు. 9-9 లాంటి తేదీకి మందు లేదు, పై వరుసలోనే రిపీట్ ఉంది కదా.

టైమ్ దాటిపోతోంది, గబగబా రెండు ముక్కలు. అసలు సిసలు మాయా చదరమంటే 1 నుంచి 16 దాకా ఒక్కోటి ఒక్కసారే వాడాలి, మొత్తం 34 రావాలి. ఖజురహో పార్శ్వనాథ ఆలయంలో చెక్కినది అదే. రామానుజన్ పనితనం కావాలంటే ఆయన నోటుపుస్తకాల్లో మాయా చదరాలకు ఏకంగా ఒక అధ్యాయమే ఉంది, అది చూడండి. ఇక 3×3కి ఈ పంక్తి పనికిరాదు: మూడు వంటకాల్ని రెండు ఐమూలల్లోనూ ఒక్కోసారే వచ్చేలా పేర్చలేం. కావాలంటే కాగితం మీద ప్రయత్నించండి, రెండు నిమిషాల్లో ఇరుక్కుంటారు.