నూటికి రెండు, రెపో రేటు
(విజయనగరంలో ఒక గ్రంథాలయ సభలో చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు నమస్కారం. బ్యాంకు పరీక్షలకు చదువుకుంటూ ఇక్కడిదాకా వచ్చిన పిల్లలకు ఆశీస్సులు.

రెపో రేటు, అంటే రిజర్వు బ్యాంకు మిగతా బ్యాంకులకిచ్చే డబ్బు మీద వేసే వడ్డీ, ఎంతో మీలో చాలామంది నిద్రలో లేపి అడిగినా చెప్పేస్తారు. నేను ఇంకో వడ్డీ అడుగుతాను. ఉభాల వేళ, అంటే వరి నాట్లప్పుడు, కూలీలకివ్వడానికి మీ నాన్న షావుకారు దగ్గర తెచ్చిన డబ్బుకి వడ్డీ ఎంత? నూటికి రెండు. హామీ సరిగ్గా లేకపోతే మూడు. అదీ నెలకి! ఏడాది లెక్క వేస్తే 24 శాతం, 36 శాతం. రిజర్వు బ్యాంకు గవర్నరుగారు టీవీలో కనిపించి రెపో పావు శాతం తగ్గించామంటే ఈ నూటికి మూడులో పైసా అయినా తగ్గుతుందా? తగ్గదు. ఎందుకు తగ్గదో చెప్పడానికే వచ్చాను.

ముందు రిజర్వు బ్యాంకు పుట్టుక సంగతి. 1926లో హిల్టన్ యంగ్ కమిషన్ సిఫారసు చేసింది, 1934లో చట్టం వచ్చింది, 1935 ఏప్రిల్ 1న బ్యాంకు పని మొదలుపెట్టింది. ప్రధాన కార్యాలయం మొదట కలకత్తా, 1937లో బొంబాయి. 5 కోట్ల రూపాయల మూలధనంతో వాటాదార్ల బ్యాంకుగా మొదలై, 1949 జనవరి 1న జాతీయం అయింది. తేదీలు పరీక్షలో అడుగుతారు, రాసుకోండి. నాకు మాత్రం ఆ చట్టంలోని 54వ సెక్షనే ముఖ్యం.

బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ 1694లో పుట్టింది ఫ్రాన్సుతో యుద్ధం చేస్తున్న రాజుకి అప్పివ్వడానికి. అమెరికా ఫెడరల్ రిజర్వు 1913లో పుట్టింది, అంతకు ఆరేళ్ల ముందు జనం డబ్బు కోసం బ్యాంకుల మీద ఎగబడిన అనుభవం నుంచి. మన బ్యాంకుకి మాత్రం వ్యవసాయ పరపతి విభాగం ఒకటి ఉండి తీరాలని పుట్టుకలోనే ఆ సెక్షన్ రాసిపెట్టింది. నోట్లు అచ్చేసే బ్యాంకుకి రైతు అప్పుతో పనేమిటని ఎవరైనా అంటే, ఇదీ జవాబు.

ఆ బాధ్యత ఎంతవరకు నెరవేరిందో రిజర్వు బ్యాంకే 1951-52లో దేశమంతా సర్వే చేయించింది. గోర్వాలా కమిటీ 1954లో నివేదిక ఇచ్చింది. రైతు తెచ్చుకున్న ప్రతి 100 రూపాయల్లో సహకార సంఘాలిచ్చింది సుమారు 3, ప్రభుత్వం ఇంకో 3, వాణిజ్య బ్యాంకులు రూపాయి కూడా కాదు. దాదాపు 70 వడ్డీ వ్యాపారులది. అందులో పాతిక దాకా అప్పులిచ్చే పెద్ద రైతులదే. తన లోపాన్ని తానే లెక్కగట్టి అచ్చువేసిన ఆ నిజాయితీ అంటే నాకు ఇప్పటికీ గౌరవం. దాని ఫలితంగానే 1955లో ఇంపీరియల్ బ్యాంకు స్టేట్ బ్యాంకుగా మారింది, ఐదేళ్లలో 400 శాఖలు తెరవాలన్న షరతుతో. తర్వాత 1969 జాతీయీకరణ, గ్రామీణ బ్యాంకులు. మన వైపు శ్రీ విశాఖ గ్రామీణ బ్యాంకు పాసుపుస్తకం ఇంకా దాచుకున్న ఇళ్లున్నాయి. 1982లో వ్యవసాయానికి, పల్లెలకి అప్పుల పని చూసే నాబార్డు వచ్చింది, పల్లె అప్పుల పని చాలావరకు అటు వెళ్లిపోయింది. అప్పట్నుంచి రిజర్వు బ్యాంకు చూపు పల్లె మీద నుంచి కొంత మళ్లిందనే నేనంటాను. ఒప్పుకోని వాళ్లు ఈ సభలోనే ఉండొచ్చు.

ఇక రెపో. బ్యాంకులు రిజర్వు బ్యాంకు దగ్గర కొద్దికాలానికి తెచ్చుకునే డబ్బు మీద వడ్డీ అది. 2019 అక్టోబరు నుంచి బ్యాంకులు కొత్తగా ఇచ్చే ఫ్లోటింగ్ (వడ్డీ మారుతూ ఉండే) ఇంటి రుణాలను ఇలాంటి బయటి రేటుకే ముడిపెట్టాలి. కాబట్టి రెపో తగ్గితే ఇల్లు కట్టుకున్న మాస్టారి వాయిదా తగ్గుతుంది. పలాసలో బ్యాంకు అప్పుతో జీడిపిక్కలు కొనే ఫ్యాక్టరీ యజమానికీ ఎంతో కొంత కలిసొస్తుంది. కౌలు రైతు ఆ లెక్కలోనే లేడు. పట్టాదారు పాసుపుస్తకం భూమి యజమాని పేరున ఉంటుంది, యజమాని హైదరాబాదులో ఉంటాడు, పంట రుణం కూడా తరచూ ఆయన పేరునే పోతుంది. దున్నేవాడి చేతిలో మిగిలేది ప్రోనోటు. ఎప్పుడైనా చూశారా? రెవెన్యూ స్టాంపు మీద అడ్డంగా సంతకం ఉంటుంది, తేదీ దగ్గర ఖాళీ, ఒక్కోసారి అంకె దగ్గరా ఖాళీ. ఆ ఖాళీలోకి ఏ ద్రవ్య విధానమూ దూరలేదు.

అలాగని బ్యాంకు మనకేం చేయలేదనడం అన్యాయం. 2008లో గవర్నరైన దువ్వూరి సుబ్బారావుగారు ఉద్యోగం కొత్తలో పార్వతీపురం సబ్ కలెక్టరు. అప్పటికది శ్రీకాకుళం జిల్లా. ధరలు మండిపోతుంటే 2010 మార్చి నుంచి 2011 అక్టోబరు దాకా ఆయన 13 సార్లు రేటు పెంచారు. ఢిల్లీకి అది రుచించలేదు. కానీ కూలి డబ్బుతో బియ్యం, నూనె కొనుక్కునే మనిషికి బ్యాంకులో ఖాతా లేకపోయినా అందే మేలు ధరల అదుపే. ద్రవ్యోల్బణం, అంటే ధరల పెరుగుదల, 4 శాతం దగ్గర ఉండాలని, అటూ ఇటూ 2 శాతం మించకూడదని 2016లో సవరించిన చట్టం కింద కేంద్ర ప్రభుత్వం లక్ష్యం పెట్టింది.

చివరగా పనికొచ్చే మాట ఒకటి. 2025 జనవరి 1 నుంచి 2 లక్షల దాకా వ్యవసాయ అప్పుకి తాకట్టు అడగకూడదన్నది రిజర్వు బ్యాంకు ఆదేశం. శాఖలో తాకట్టు అడిగితే, అదే మాట కాగితం మీద రాసిమ్మనండి. ముందు ఆ బ్యాంకుకే ఫిర్యాదు పెట్టండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నారు, 14448కి ఫోన్ చేస్తే ఎలా రాయాలో చెబుతారు. ఇక ప్రశ్నలు అడగండి, వెనక వరస నుంచి మొదలుపెడదాం.