పని చోట వేధింపులు: ఫిర్యాదు ఎవరికి, ఎలా

తిరుపతిలో కష్టపడి పనిచేసే అమ్మలకు, అక్కచెల్లెళ్లకు నమస్కారం.

లాడ్జీ గదులు ఊడ్చేవాళ్లు, హోటళ్లలో గిన్నెలు కడిగేవాళ్లు, గాంధీ రోడ్డు బట్టల షాపుల్లో పొద్దస్తమానం నిలబడి చీరలు మడతపెట్టేవాళ్లు ఇక్కడ ఉన్నారు. పని చోట లైంగిక వేధింపులపై 2013లో వచ్చిన చట్టం ఆఫీసు ఉద్యోగులకే అనుకుంటుంటారు. రోజు కూలికి వెళ్లినా, కాంట్రాక్టరు కింద చేసినా అది మీదే. కంపెనీ నడిపే బస్సు కూడా పని చోటే. శ్రీసిటీ, రేణిగుంట ఫ్యాక్టరీలకు వెళ్లేవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోండి.

10 మంది, అంతకు మించి పనిచేసే చోట ఇలాంటి ఫిర్యాదులు విచారించడానికి యజమాని అంతర్గత కమిటీ వేయాలి. అధ్యక్షత ఆడమనిషిదే, సభ్యుల్లో కనీసం సగం ఆడవాళ్లు, బయటి నుంచి స్వచ్ఛంద సంస్థ మనిషో, ఈ వేధింపుల విషయాలు తెలిసిన మనిషో ఒకరు. ఆ బయటి మనిషి ఎవరో తప్పకుండా అడగండి. ఆ చోట్లో యజమాని బంధువును కూర్చోబెడితే కమిటీ పేరుకే మిగులుతుంది. అసలు వేయకపోతే 50,000 రూపాయల వరకు జరిమానా. పదిమంది లేని చోటైనా, వేధించింది యజమానే అయినా జిల్లా లోకల్ కమిటీకి వెళ్లాలి. కలెక్టరేట్‌లో అడగండి. ఇళ్లలో పనిచేసేవాళ్లకూ అదే దారి.

చివరిసారి జరిగిన రోజు నుంచి 3 నెలల్లో ఫిర్యాదు ఇవ్వాలి. తగిన కారణం ఉంటే కమిటీ ఇంకో 3 నెలలు పెంచొచ్చు. చిత్తూరు వైపు మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో సీజన్ పనికి పోయేవాళ్లు ఇక్కడే నష్టపోతారు. పనే అయిపోయింది, ఇంకేం ఫిర్యాదు అని ఊరుకుంటారు. పని మానేశాక కూడా ఇవ్వొచ్చమ్మా, గడువు దాటనివ్వకండి.

ఇక కాగితం. 'సూపర్‌వైజర్ సరిగా ఉండడం లేదు' అని రాస్తే విచారణ ముందుకు కదలదు. తేదీ, వేళ, చోటు, అతను అన్న మాట అన్నట్టే రాయండి. బూతు మాట కాగితం మీద పెట్టడానికి మనసొప్పదు, నిజమే. కానీ 'తప్పుగా మాట్లాడాడు' అని ఊరుకుంటే, 'పని సరిగా చేయమన్నాను' అని అతను తప్పించుకుంటాడు. ఎవరు చూశారో, ఆ రోజే ఎవరితో చెప్పుకున్నారో కూడా రాయండి. 6 కాపీలు ఇవ్వాలి. మీ దగ్గర ఉంచుకునే కాపీ మీద, ఫిర్యాదు తీసుకున్నవాళ్లతో తేదీ వేసి సంతకం చేయించుకోండి. వాట్సాప్ మెసేజ్‌లు కోపంతో చెరిపేయొద్దు. సీసీ కెమెరా రికార్డు చెరిగిపోకుండా భద్రపరచమని మొదటి రోజే రాసివ్వండి, చాలా చోట్ల కొన్ని వారాలకే పాతది చెరిగిపోతుంది. రాయడం రాకపోతే రాయడంలో సాయం చేయాల్సింది కమిటీయే.

'డబ్బు ఇప్పిస్తాం, వదిలెయ్' అంటూ పెద్దమనుషులు వస్తారు. రాజీ మీరు కోరితేనే, అదీ డబ్బు మీద కుదరదని చట్టంలోనే ఉంది. రుజువు కాకపోతే నీ మీదే కేసు అని బెదిరిస్తారు. రుజువు చేయలేకపోయినంత మాత్రాన అది అబద్ధపు ఫిర్యాదు అయిపోదు. ఒంటి మీద చెయ్యి వేసినా, వెంటపడినా పోలీసులకూ చెప్పండి, 112. ఘటన తమ పరిధిలో జరగకపోయినా, ఏ స్టేషన్‌కు వెళ్లినా కేసు రాసుకోవాలి, దాన్నే జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు.

విచారణ 90 రోజుల్లో ముగియాలి. ఆ 90 రోజులే గండం, అదే మనిషి కింద పని చేయాలి కదా. అతన్ని వేరే చోటికి మార్చమని, లేదా మీకు 3 నెలల వరకు సెలవు ఇమ్మని అడగొచ్చు. మీ పని మీద అతను రిపోర్టు రాయకుండా ఆపమనీ అడగొచ్చు. రాతపూర్వకంగా అడిగితేనే కమిటీ సిఫారసు చేస్తుంది. అందుకే ఆ కోరికను ఫిర్యాదు చివరి పేరాలోనే పెట్టండి.