ఒక్క డ్రా చాలు: హొన్వేద్ నెగ్గిన 2016–17 హంగరీ ఫుట్‌బాల్ లీగ్‌పై స్టూడియో చర్చ

(చర్చలో: యాంకర్, యువజట్ల కోచ్, గణాంకాల విశ్లేషకురాలు, క్రీడా పాత్రికేయుడు)

యాంకర్: నమస్కారం. 2017 మే 27న బుడాపెస్ట్‌లోని కిష్పెష్ట్‌లో, బోజిక్ స్టేడియంలో హొన్వేద్, విడియోటన్ ఎదురుపడ్డాయి. అది 33వ రౌండ్, అంటే ఆఖరిది. అప్పటికి రెండింటికీ 62 పాయింట్లే. లీగ్‌లో ఫైనల్ అంటూ ఉండదు కదా, ఆ ఏడు మాత్రం ఉన్నట్టే అయింది. హొన్వేద్‌కు డ్రా చాలు, విడియోటన్ గెలిచి తీరాలి. మేడమ్, పాయింట్లు సమానమైనప్పుడు ఈ తేడా ఎలా వచ్చింది?

విశ్లేషకురాలు: హంగరీ లీగ్ నిబంధనల్లోనే ఉందండీ. పాయింట్లు సమానమైతే మొదట చూసేది గోల్ డిఫరెన్స్, అంటే కొట్టిన గోల్స్‌కూ ఇచ్చిన గోల్స్‌కూ తేడా కాదు, గెలిచిన మ్యాచ్‌ల సంఖ్య. గోల్ డిఫరెన్స్ దాని తర్వాతే. ఆ ఉదయానికి హొన్వేద్ 19 గెలిచి, 5 డ్రా చేసుకుని, 8 ఓడింది. విడియోటన్ 18 గెలిచి, 8 డ్రా చేసుకుని, 6 మాత్రమే ఓడింది. గెలుపుకు మూడు, డ్రాకు ఒకటి చొప్పున లెక్క వేయండి: 57కు 5 కలిపితే 62, 54కు 8 కలిపినా 62. ఒక్క గెలుపు ఎక్కువ కాబట్టి హొన్వేద్ పైన.

యాంకర్: ఇంగ్లండ్ పద్ధతిలో చూస్తే?

విశ్లేషకురాలు: తలకిందులయ్యేది. గోల్ డిఫరెన్స్‌లో విడియోటన్ చాలా ముందుంది. అక్కడైతే డ్రా చాలేది విడియోటన్‌కే, గెలవాల్సింది హొన్వేద్. పాత రోజుల్లోలాగా గెలుపుకు రెండే పాయింట్లు ఇచ్చి చూడండి, ఇంకా చిత్రంగా ఉంటుంది: హొన్వేద్‌కు 43, విడియోటన్‌కు 44. ఆడిన ఆట అదే, వచ్చిన ఫలితాలూ అవే. మీరు ఏ నిబంధన పెడితే దానికి తగ్గట్టు పై స్థానం మారుతుంది.

పాత్రికేయుడు: అయితే హొన్వేద్ నిబంధన పుణ్యాన గెలిచిందంటారా? నేను ఒప్పుకోను. చివరికి వాళ్లు 1–0తో గెలిచారు. రెండో సగంలో మార్టన్ ఎప్పెల్ గోల్ కొట్టాడు. పాయింట్లు 65, 62. ఏ లెక్కన చూసినా హొన్వేదే ఛాంపియన్.

విశ్లేషకురాలు: ఫలితం సంగతి కాదు నేను అంటున్నది. ఆ 90 నిమిషాలు ఎవరు ఎలా ఆడాలో నిర్ణయించింది ఆ నిబంధన. పైగా అది ఆఖరి రోజు పుట్టుకొచ్చింది కాదు, జూలై నుంచీ ఉన్నదే. డ్రా ఖరీదు ఎంతో విడియోటన్‌కు ముందే తెలియాలి. ఎనిమిది డ్రాల్లో దొరికేది 24కు 8 పాయింట్లు. అవే ఎనిమిదింట్లో నాలుగు గెలిచి నాలుగు ఓడినా 12 వస్తాయి.

కోచ్: ఆ లెక్క బోర్డు మీద బాగుంటుంది మేడమ్. 80వ నిమిషంలో 1–1 ఉన్నప్పుడు మన డిఫెండర్‌ను ముందుకు పంపితే నాలుగు గెలుస్తామో, ఒకటి గెలిచి ఏడు ఓడతామో ఎవరు చెప్పాలి?

విశ్లేషకురాలు: ఒకటి గెలిచి ఏడు ఓడితే మూడు పాయింట్లు. అది నష్టమే. మూడు గెలిచి ఐదు ఓడితే 9, అది డ్రాల కంటే మేలు. కాబట్టి చివరి పావుగంట రిస్క్ మూడింట ఒకసారి కంటే ఎక్కువ ఫలిస్తుందనుకుంటే తీసుకోవాలి. అంతకు తక్కువైతే డ్రాతో ఇంటికెళ్లడమే నయం.

యాంకర్: కోచ్ గారూ, ఆఖరి మ్యాచ్‌కు వద్దాం. డ్రా చాలనే జట్టును ఎలా సిద్ధం చేస్తారు? వినడానికి సుఖంగా ఉంది, కానీ చాలా జట్లు అక్కడే చిత్తవుతాయి కదా.

కోచ్: ఎందుకంటే కాళ్లు వాటంతటవే వెనక్కి వెళతాయండీ. ఎవరూ చెప్పకుండానే డిఫెన్స్ లైన్ పది మీటర్లు కిందికి జారుతుంది. మిడ్‌ఫీల్డ్ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఆ రెండు వరుసల మధ్య ఖాళీలో అవతలివాడు బంతి అందుకుని, తిరిగి, గోల్‌కేసి చూస్తాడు. తర్వాత మొదలవుతాయి కార్నర్లు, పెనాల్టీ పెట్టె అంచున ఫ్రీ కిక్కులు. ఒక్క హెడర్ చాలు, సీజన్ పోతుంది. అందుకే మొదటి గంటలో స్కోరు ఎంతో మరిచిపోమని చెబుతాం. లైన్ పైనే ఉంచాలి. సెంటర్ ఫార్వర్డ్‌ను ఎట్టి పరిస్థితుల్లోనూ మన సగంలోకి రానివ్వకూడదు. అతను పైన ఉంటే వాళ్ల ఇద్దరు సెంటర్ బ్యాక్‌లూ అక్కడే కట్టుబడి ఉంటారు.

పాత్రికేయుడు: ఎప్పెల్ అలాంటివాడే. పొడగరి, పెట్టెలో పనికొచ్చే మనిషి. ఆ సీజన్‌లో 16 గోల్స్‌తో లీగ్ మొత్తానికీ టాప్ స్కోరర్. పక్కన దవీదె లాంజఫామె, ఒకప్పుడు యువెంతుస్‌కు ఆడినవాడు. తర్వాతి సీజన్లో 18 గోల్స్‌తో టాప్ స్కోరర్ అతనే అయ్యాడు.

కోచ్: ఆ గోల్ పడ్డాక ఏం జరిగిందో చూడండి. 0–0 దగ్గర విడియోటన్‌కు కావలసింది ఒక్క గోల్. 1–0 అయ్యాక రెండు కావాలి, ఎందుకంటే 1–1 కూడా హొన్వేద్‌దే. ఒక గోల్ కోసం ఓపిగ్గా తిప్పి తిప్పి ఆడొచ్చు. రెండు కావాలంటే అంత తీరిక ఉండదు, ఫుల్‌బ్యాక్‌లిద్దరినీ ఒకేసారి పంపాలి, వెనక ఇద్దరే మిగులుతారు. పైగా అప్పట్లో సబ్‌స్టిట్యూట్లు మూడే, ఇప్పట్లా ఐదు కాదు. నేనైతే పసుపు కార్డు పడ్డ మిడ్‌ఫీల్డర్‌ను 65 లోపు తీసేసి, రెండోది 75 దాటాక వాడి, మూడోదాన్ని 85 వరకు దాచుకుంటాను. తొందరపడి మూడూ వాడేసి, ఆ తర్వాత ఎవడికైనా తొడ పట్టేస్తే పది మందితో ఆడాలి.

యాంకర్: వీడియో రిఫరీ కూడా లేదు.

కోచ్: లేదు. పెట్టెలో చెయ్యి తగిలిందా లేదా అన్నది విజిల్ మోగిన క్షణంలోనే తేలిపోవాలి. అందుకని మన పెట్టెలో చేతులు వెనక్కి కట్టుకోవడం కూడా ప్రాక్టీసులో భాగమే.

యాంకర్: హొన్వేద్ ఈ స్థితికి ఎలా వచ్చింది? ఒకప్పటి హంగరీ దిగ్గజం పుష్కాష్ క్లబ్బని పేరేగానీ చాలాకాలం చప్పుడు లేదు.

పాత్రికేయుడు: అంతకుముందు టైటిల్ 1993లో. ఇది 14వది, 24 ఏళ్ల తర్వాత. మధ్యలో 2003లో రెండో డివిజన్‌కు కూడా పడిపోయింది. జార్జ్ హెమింగ్‌వే అనే అమెరికన్ హంగేరియన్ వ్యాపారి క్లబ్బును కొని అకాడమీ మీద డబ్బు పెట్టాడు. దానియెల్ గాజ్దాగ్ ఆ పెంపకమే, తర్వాత అమెరికా లీగ్‌లో ఫిలడెల్ఫియాకు వెళ్లాడు. డిఫెండర్ బొటొండ్ బరాత్ కాన్సస్ సిటీకి వెళ్లాడు. కోచ్ మార్కో రొస్సి ఇటలీవాడు. 2012లో మొదటిసారి వచ్చి జట్టును మూడో స్థానానికి తెచ్చాడు, 2014లో వెళ్లాడు, 2015లో మళ్లీ వచ్చాడు. టైటిల్ గెలిచాక స్లొవాకియాలోని దునాయ్‌స్కా స్ట్రెడా క్లబ్బుకు వెళ్లి, 2018లో హంగరీ జాతీయ జట్టు పగ్గాలు పట్టాడు.

విశ్లేషకురాలు: డబ్బు గురించి ఒక్క మాట. 2011 నుంచి హంగరీలో కంపెనీలు కార్పొరేట్ పన్నులో కొంత భాగాన్ని క్రీడా సంఘాలకు మళ్లించవచ్చు. అక్కడ దాన్ని టావ్ అంటారు. మైదానాలు, యువజట్లు, అకాడమీలు ఆ డబ్బుతో నడుస్తాయి. అందుకే ఆ దశకంలో దేశమంతా కొత్త స్టేడియాలు లేచాయి, చూసే జనం మాత్రం అంతగా పెరగలేదు. నా ఉద్దేశంలో ఆ సీజన్‌ను అర్థం చేసుకోవాలంటే పాయింట్ల పట్టికతోపాటు ఎవరు ఎక్కడ ఆడారో కూడా చూడాలి.

యాంకర్: విడియోటన్ సొంత ఊళ్లో ఆడలేదు కదా?

పాత్రికేయుడు: సేకెష్‌ఫెహెర్వార్‌లో వాళ్ల షోస్టో స్టేడియాన్ని కూల్చి మళ్లీ కడుతున్నారు. అందుకని దగ్గర్లోని ఫెల్చూట్‌లో పాంచో అరేనాలో ఆడారు. ఫెల్చూట్ రెండు వేలలోపు జనాభా ఉన్న పల్లె, అప్పటి ప్రధాని విక్టర్ ఓర్బాన్ పెరిగిన ఊరు. స్టేడియం కట్టెపనితో గుడి మండపంలా ఉంటుంది, చూడముచ్చటగా ఉంటుంది, కానీ పట్టేది నాలుగు వేలలోపు. టైటిల్ పోటీలో ఉన్న జట్టుకు అది సొంత మైదానం అనిపించదు.

కోచ్: నేను దాన్ని సాకు అనే అంటాను. గడ్డి బాగుంది, కొలతలు అవే, వెనక హెన్నింగ్ బెర్గ్ లాంటి కోచ్ ఉన్నాడు, ముందు డాంకో లాజోవిచ్ ఉన్నాడు.

పాత్రికేయుడు: సాకు కాదండీ. 12 జట్లు, ఒక్కొక్కరితో మూడేసి సార్లు, మొత్తం 33 మ్యాచ్‌లు. 33 బేసి సంఖ్య కాబట్టి ఆరు జట్లకు 17 హోమ్ మ్యాచ్‌లు, మిగతా ఆరింటికి 16. మూడో విడత మ్యాచ్ ఎవరి గడ్డ మీద పడుతుందన్నది పెద్ద విషయం. విడియోటన్‌కు ఆఖరి మ్యాచ్ కిష్పెష్ట్‌లో పడింది. ఫెల్చూట్‌లో పడి ఉంటే?

కోచ్: అప్పుడూ డ్రా చాలేది హొన్వేద్‌కే.

యాంకర్: (నవ్వుతూ) సరే, మిగతా పట్టిక త్వరగా.

పాత్రికేయుడు: వాషాష్ మూడో స్థానం, జర్మన్ కోచ్ మిఖాయెల్ ఓనింగ్‌తో. అంతకుముందు ఏడాది ఛాంపియన్ ఫెరెంత్స్‌వారోష్ నాలుగుకు జారింది. జూలైలోనే ఛాంపియన్స్ లీగ్ అర్హత పోటీల్లో అల్బేనియా జట్టు పార్టిజానీ చేతిలో పెనాల్టీల్లో పోయింది, అక్కడి నుంచి కుదురుకోలేదు. హంగరీ కప్ మాత్రం గెలిచింది, ఫైనల్లో వాషాష్ మీద, అదీ పెనాల్టీల్లోనే. కిందికి పడింది ఎంటీకే, డ్యిర్మోత్. డ్యిర్మోత్ అంటే డ్యోర్ నగర శివారు, పై డివిజన్‌లో అదే తొలి సీజన్. ఎంటీకే సంగతే బాధాకరం. 23 టైటిళ్ల క్లబ్బు, 2016 అక్టోబర్‌లో కొత్త హిదెక్కుతి స్టేడియం తెరిచింది, ఆ సీజన్ ముగిసేసరికి రెండో డివిజన్‌లో ఉంది. ఆ స్టేడియంలో గోల్‌పోస్టుల వెనక గ్యాలరీ ఉండదు, గోడలే ఉంటాయి.

విశ్లేషకురాలు: మన ప్రేక్షకులకు ఒక ముచ్చట. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మన జట్టును 2–1తో ఓడించింది. హంగరీ గోల్స్‌లో ఒకటి ఫెరెంత్స్‌వారోష్ ఆటగాడు ఫ్లోరియాన్ ఆల్బర్ట్‌ది. మన ఏకైక గోల్ సికింద్రాబాద్ తులసీదాస్ బలరాంది, కోచ్ హైదరాబాద్ రహీం సాబ్.

యాంకర్: బాగా గుర్తు చేశారు. ఒక ప్రేక్షకుడి ప్రశ్న: ఛాంపియన్ అయ్యాక యూరప్‌లో హొన్వేద్ ఎందుకు నిలవలేదు?

కోచ్: ఛాంపియన్స్ లీగ్ రెండో అర్హత రౌండ్ జూలైలో. టైటిల్ తెచ్చిన కోచ్ లేడు, ఎరిక్ వాన్ డెర్ మీర్ వచ్చి కొన్ని వారాలే అయింది. ఎదుట ఇజ్రాయెల్ జట్టు హపోయెల్ బీర్‌షెవా, అంతకుముందు సీజన్‌లో యూరోపా లీగ్ గ్రూపులో ఇంటర్ మిలాన్‌ను రెండుసార్లు ఓడించినవాళ్లు. అక్కడ 2–1, బుడాపెస్ట్‌లో 3–2, రెండింటా ఓటమే.

విశ్లేషకురాలు: ఎదురయ్యే జట్టు ఎవరో తేల్చేది క్లబ్బు కోఎఫిషియెంట్. ఐదేళ్ల యూరప్ ఫలితాలు కలిపి వేసే అంకె అది. ఐదేళ్లుగా యూరప్‌లో పెద్దగా ఆడని క్లబ్బుకు అది తక్కువే ఉంటుంది, డ్రాలో పై వరుస చోటు, అంటే సీడింగ్ దొరకదు, బలమైన ప్రత్యర్థే పడుతుంది. నిలవాలంటే వరుసగా నాలుగేళ్లు క్వాలిఫై అవుతూ కొన్ని మ్యాచ్‌లైనా గెలవాలి. తర్వాతి సీజన్ టైటిల్ విడియోటన్ తీసుకెళ్లింది, 2019 నుంచి 2025 వరకు ఫెరెంత్స్‌వారోష్ వరుసగా పట్టేసుకుంది. హొన్వేద్ 2023లో రెండో డివిజన్‌కు దిగింది. ఫెహెర్వార్‌గా పేరు మార్చుకున్న విడియోటన్ కూడా 2025లో అదే దారి పట్టింది.