1812లో రైలు కూత: చరిత్ర నవలకు ఎంత స్వేచ్ఛ?

మోడరేటర్: నమస్కారం. 1812 నాటి ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్ కథ రాస్తూ ఓ రచయిత రైలు కూత వినిపించారు. పాఠకులు రెండు వర్గాలైపోయారు. ముగ్గురికీ సమానంగా టైమ్ ఇస్తాను. మేడమ్, మిల్లులు, గనుల కథలంటే జనానికి ఎందుకంత ఇష్టం?

నవలా రచయిత్రి: ఆ కాలం వాళ్లకి రేపేమవుతుందో తెలీదండి. మనకి తెలుసు. అందుకే వాళ్లు ఒక్కో నిర్ణయం తీసుకుంటుంటే మనకి...

చరిత్ర అధ్యాపకుడు: ముందు తప్పు సంగతి తేల్చండి. లివర్‌పూల్-మాంచెస్టర్ రైలు మార్గం మొదలైందే 1830లో!

సమీక్షకుడు: లీడ్స్ దగ్గర 1812లోనే ఆవిరి ఇంజిన్ బొగ్గు లాగింది కదండీ.

అధ్యాపకుడు: లాగింది. కూయలేదు! ఇంజిన్లకి ఆవిరి ఈల వచ్చింది 1830లలో. పైగా అది లీడ్స్, ఇది నాటింగ్‌హామ్.

మోడరేటర్: సరే, అసలు విషయం ఇప్పటి ఏఐ భయమే కదా? యంత్రం వచ్చి మన పని లాక్కుంటుందని...

అధ్యాపకుడు: కాదు! లడ్డైట్లు అనే అప్పటి ఇంగ్లండ్ జౌళి కార్మికులు విరగ్గొట్టిన, మేజోళ్లు అల్లే ఫ్రేము కొత్త యంత్రమే కాదు, 1589 నాటిది. వాళ్ల కోపం కూలి తగ్గించి, నాసిరకం సరుకు చేయించే యజమానుల మీద. ఫ్రేము విరిస్తే ఉరి అని 1812లో చట్టం తెచ్చారు. ఉరి, సార్!

రచయిత్రి: నేనూ అదే అంటున్నాను. సుత్తి ఎత్తినవాడికి అప్పుడు ఏమనిపించిందో చట్టంలో ఉండదు...

అధ్యాపకుడు: చట్టంలో తేదీ ఉంటుంది!

సమీక్షకుడు: 1833 చట్టం చూడండి. జౌళి మిల్లుల్లో తొమ్మిది నుంచి పదమూడేళ్ల లోపు పిల్లలకి రోజుకి తొమ్మిది గంటలే పని అంది. ఒక్క ముక్క. నవలలో అయితే ఆ పిల్లని చీకట్లో లేపే తల్లి కనిపిస్తుంది.

రచయిత్రి: మిల్లు ఊళ్లలో డబ్బులు తీసుకుని, పొడుగాటి కర్రతో కిటికీలు తట్టి లేపే మనుషులుండేవారు. గడియారం బతుకుల్లోకి ఎలా దూరిందో...

మోడరేటర్: భలే! మరి వాళ్లని ఎవరు లేపేవారు?

(నవ్వులు. ఇక్కడ ముగ్గురూ ఒకేసారి మాట్లాడారు. రికార్డింగులో వినబడేది అధ్యాపకుడి గొంతే.)

అధ్యాపకుడు: ...నిద్ర సంగతి తర్వాత. కూత తప్పు!

మోడరేటర్: ఏఐ వచ్చాక ఇలాంటి నవలలు ఇంకా పెరుగుతాయంటారా?

రచయిత్రి: నా మొదటి మాటే పూర్తి కాలేదండి.

మోడరేటర్: పది సెకన్లలో చెప్పండి.

రచయిత్రి: పాఠకుడు ఫలితం తెలుసుకోడానికి చదవడు. ఆ గదిలో తనే ఉంటే...

అధ్యాపకుడు: ఆ గదిలో కూత వినబడదు!

మోడరేటర్: టైమ్ అయిపోయింది. అయితే కూత తప్పేనని తేలినట్టుంది.

రచయిత్రి: ఏమీ తేలలేదండి.

అధ్యాపకుడు: తేలింది! ఇంకో విషయం, ఆ నవల 47వ పేజీలో...

(మైకులు ఆపేశారు.)