తిరగేసి చూడవలసిన ఉంగరం

శ్రోతలకు నమస్కారం. విశాఖపట్నం కురుపాం మార్కెట్‌కు పాత బంగారం మార్చుకోవడానికి వచ్చేవారి దగ్గర అప్పుడప్పుడు రవ్వలు పొదిగి, మీనా అనే రంగుల పూత పని చేసిన తాతల నాటి ఉంగరం కనిపిస్తుంది. కరిగించి వెలకట్టే లెక్కలో ఆ పనితనానికి విలువ ఉండదు కనుక, తక్కెడలో వేయకముందే దాన్ని ఒకసారి తిరగేసి చూడమని నా మనవి.

వేలికి ఆనుకొని ఉండే వైపున, ఎవరి కంటా పడని చోట కూడా, ఎర్రని పువ్వో పచ్చని ఆకో కనిపిస్తే అది శ్రద్ధగల చేతిపని. మీనా నిజానికి గాజుపొడి. కోబాల్టు దానికి నీలాన్ని, రాగి ఆకుపచ్చను ఇస్తాయి. బంగారాన్ని చెక్కి, ఆ గుంటల్లో తడిపొడి నింపి, దాదాపు 800 డిగ్రీల వేడిలో కాలుస్తారు. ఎక్కువ వేడిని తట్టుకునే రంగులను ముందు, సున్నితమైన ఎరుపును చివర కాల్చకపోతే అంతవరకు చేసిన పని చెడిపోతుంది.

రవ్వలు పొదగడం ఆ తరువాతి పని. కుందనపు పనిలో లక్క నింపిన గూటిలో మెరిసే రేకు పరిచి, దానిపై వజ్రాన్ని ఉంచి, చుట్టూ మేలిమి బంగారపు రేకును వేడి తగలకుండా ఒత్తి బిగిస్తారు. వెనుక నుంచి వెలుతురు రాదు కాబట్టి అడుగు రేకే రాయికి మెరుపునిస్తుంది. చదునుగా సానపట్టిన ఆ రవ్వలు నేటి వజ్రాల్లా తళతళలాడవు. దీపం వెలుగులో వాటి నెమ్మదైన కాంతే నాకు ఎక్కువ నచ్చుతుంది. 1720లలో బ్రెజిల్ గనులు బయటపడేవరకు ప్రపంచానికి వజ్రాలు ప్రధానంగా మన దేశం నుంచే వెళ్లేవి, వాటిలో కృష్ణాతీరపు కొల్లూరు గని ప్రసిద్ధం. అయినా కంటితో చూసి “ఇది కొల్లూరు రాయే” అనేవారిని నమ్మకండి.

మన సముద్రపు గాలిలోని తేమ లోపలికి చేరితే, అడుగున ఉన్న వెండిరేకు నల్లబడి రాయి మసకబారుతుంది. అందువల్ల ఇటువంటి ఉంగరాన్ని సబ్బునీళ్లలో నానబెట్టకూడదు, దుకాణంలో ధ్వని కంపనాలతో నగలు శుభ్రం చేసే అల్ట్రాసోనిక్ యంత్రంలో వేయించకూడదు. మెత్తని పొడిబట్టతో తుడిస్తే చాలు. బిగుతైందని మంట చూపి సాగదీయిస్తే లక్క కరుగుతుంది, మీనా పగులుతుంది.

విదేశంలో ఉన్న కూతురికో కోడలికో పంపాలనుకునేవారికి మరొక మాట. 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం 100 ఏళ్లు దాటిన ఇటువంటి కళాత్మక వస్తువును సొంతంగా దేశం దాటించడం నేరం. వయసు విషయంలో సందేహం ఉంటే, భారత పురావస్తు సర్వేక్షణ సంస్థకు చూపించి, అది పురావస్తువు కాదన్న ధ్రువపత్రం తీసుకున్నాకే ప్రయాణపు పెట్టెలో పెట్టాలి.