కాపాడటానికి వచ్చినవాళ్ళకే తిండి పెట్టిన ఎమిన్ పాషా

నమస్తే అండీ. ఈరోజు కథని 1888 ఏప్రిల్ 29 నుంచి మొదలెడదాం. ఆఫ్రికా నడిబొడ్డున ఆల్బర్ట్ సరస్సు ఒడ్డు. హెన్రీ స్టాన్లీ అని అప్పటికే ప్రపంచమంతా పేరు మోగిపోతున్న అన్వేషకుడు, ఎమిన్ పాషా అనే గవర్నర్‌ని కాపాడాలని కాంగో నది మీదుగా ఇటూరి అడవిని దాటుకుని వచ్చాడు. ఆ అడవిలో ఆకలి, జ్వరాలు, విషపు బాణాలు, వెంట వచ్చినవాళ్ళలో సగం మంది దాకా అక్కడే పోయారు లేదా వెనకపడిపోయారు, మిగిలినవాళ్ళ ఒంటి మీద చిరుగుల బట్టలే. ఇంతలో స్టీమర్ దిగి కళ్ళద్దాలు పెట్టుకుని, ఇస్త్రీ చేసిన తెల్లటి బట్టల్లో బక్కపల్చటి మనిషి ఒకాయన వచ్చాడు. ఆయనే ఎమిన్ పాషా. తిండీ బట్టలూ ఆయనే వీళ్ళకి ఇచ్చాడు. ఎవరు ఎవర్ని కాపాడారో మీరే చెప్పండి.

అసలు పేరు ఎడువార్డ్ ష్నిట్జర్. 1840లో సైలీషియాలోని ఓపెల్న్‌లో, ఇప్పుడది పోలాండ్‌లో ఉంది, జర్మన్ మాట్లాడే యూదు కుటుంబంలో పుట్టాడు. చిన్నప్పుడే తండ్రి పోయాడు, తల్లి ఒక క్రైస్తవుణ్ణి రెండో పెళ్లి చేసుకుంది, పిల్లలందరికీ బాప్తిస్మం ఇప్పించారు. డాక్టర్ చదివాడు గానీ సొంత దేశంలో ప్రాక్టీస్ చేసుకునే అర్హత దక్కలేదు. దాంతో ఒట్టోమన్ సామ్రాజ్యానికి వెళ్ళిపోయి, ఒక పాషా (అక్కడ పెద్ద అధికారులకిచ్చే బిరుదు అది) దగ్గర కొలువులో చేరి, ఆ పాషా చనిపోతే ఆయన భార్యాపిల్లల్ని తన వాళ్ళేనని చెప్పి ఊరికి తీసుకొచ్చి, 1875లో ఒకరోజు వాళ్ళని అక్కడే వదిలేసి మాయమైపోయాడు. ఇది మాత్రం నేను క్షమించలేను, ఆవిడ ఆ పరాయి ఊళ్ళో ఏమైపోవాలి?

అక్కణ్ణుంచి, అప్పట్లో ఈజిప్టు ఏలుబడిలో ఉన్న సూడాన్‌లో, ఖార్టూమ్‌లో తేలాడు, అప్పటికే పేరు ఎమిన్, బయటికి ముస్లిం. ఈజిప్టు కొలువులో ఉన్న బ్రిటిష్ జనరల్ గార్డన్ ఆయన్ని దక్షిణాన ఈక్వటోరియా రాష్ట్రానికి డాక్టర్‌గా పిలిపించుకుని 1878లో అక్కడే గవర్నర్‌ని చేశాడు. ఖాళీ దొరికితే పక్షుల్ని పట్టి, కొలతలు రాసి, నమూనాలు యూరప్ మ్యూజియంలకి పంపేవాడు. చూపు బాగా మందం, కాగితం కళ్ళకి ఆనించుకుని చదివే మనిషి, అయినా పిట్ట ముక్కు ఎన్ని మిల్లీమీటర్లో తప్పు లేకుండా రాసేవాడు. నాకు ఈయన మీద ప్రేమ పుట్టింది ఇక్కడే.

1881లో సూడాన్‌లో మహ్దీ అనే మతనాయకుడి తిరుగుబాటు లేచింది. 1885 జనవరిలో ఖార్టూమ్ పడిపోయింది, గార్డన్‌ని చంపేశారు. ఎమిన్‌కి బయటి ప్రపంచంతో దారులన్నీ మూసుకుపోయాయి. ఆయన ఇంకా బతికే ఉన్నాడని ఉత్తరాలు లండన్ చేరేసరికి, గార్డన్‌నైతే కాపాడుకోలేకపోయాం ఈయన్నన్నా కాపాడదాం అని చందాలు పోగయ్యాయి. ఇందులో జాలి ఒక్కటే లేదండీ. ఆయన దగ్గర పోగుపడిన ఏనుగు దంతాల మీద కన్నుంది, ఆ నేల మీద బెల్జియం రాజు లియోపోల్డ్‌కీ బ్రిటిష్ కంపెనీకీ కూడా ఆశ ఉంది. ఆ ఇద్దరి ఆఫర్లూ స్టాన్లీ జేబులో పెట్టుకునే వచ్చాడు. అక్కడ పుట్టి పెరిగిన జనాన్ని మాత్రం మీకేం కావాలని ఎవరూ అడగలేదు.

ఎమిన్‌కి వెళ్ళాలని లేదు. మందుగుండు ఇస్తే చాలు, నేనిక్కడే ఉంటానన్నాడు. ఇంతలో 1888 ఆగస్టులో ఆయన సైనికులే తిరగబడి ఆయన్ని బంధించారు, ఖార్టూమ్ పడిపోయిందంటే వాళ్ళు నమ్మలేదు, మమ్మల్ని ఎక్కడికో తీసుకెళ్ళి అమ్మేస్తారని భయపడ్డారు. తర్వాత వదిలేశారు గానీ ఇంక అధికారం ఏదీ మిగల్లేదు. 1889 ఏప్రిల్‌లో స్టాన్లీ వెంట నడక మొదలుపెట్టి డిసెంబర్‌లో బాగామోయో తీరం చేరారు. ఆ రాత్రే విందు పెట్టారు, అందులో ఆ చూపు మందమే ఆయన కొంప ముంచింది, మేడ మీది కిటికీలోంచి కింద పడి తల పగిలింది, చావు అంచుదాకా వెళ్ళొచ్చాడు.

కోలుకున్నాక యూరప్ వెళ్ళి సన్మానాలు చేయించుకోవచ్చుగా, వెళ్ళలేదు. జర్మన్ల కొలువులో చేరి మళ్ళీ లోపలికే బయల్దేరాడు, విక్టోరియా సరస్సు పక్కన బుకోబాలో వాళ్ళకో స్థావరం పెట్టాడు, అంటే చివరికి ఆయనా ఆ వలస పంపకాల్లో ఒక చెయ్యే అయ్యాడు. 1892 అక్టోబర్‌లో కాంగో వైపు వెళ్తుంటే, కిబోంగే అనే బానిస వ్యాపారి ఆజ్ఞ మీద ఆయన గొంతు కోసేశారు. పట్టుకునేటప్పటికి బల్ల మీద పిట్టలూ పురుగులూ పెట్టుకుని రాసుకుంటున్నాడని హంతకులు తర్వాత చెప్పారు.

తూర్పు ఆఫ్రికాలో ముదురు ఎరుపు గోధుమ రంగు పిచ్చుక ఒకటుంది, శాస్త్రీయ నామం పాసెర్ ఎమినిబే. ఆయన్నింకా ఎమిన్ బే అని పిలిచే రోజుల్లో (బే అంటే పాషా కన్నా కింది బిరుదు), తను పంపిన నమూనాలు చూసి ఒక జర్మన్ పక్షి శాస్త్రవేత్త పెట్టిన పేరు. ఆయన ఏలిన ఈక్వటోరియా చేతులు మారి ముక్కలైపోయింది గానీ ఆ పిచ్చుకలు ఇప్పటికీ ఉగాండాలో, కెన్యాలో గుంపులు గుంపులుగా గింజలేరుకుంటూ తిరుగుతున్నాయి.