అరుదూ కరువూ ఒకటి కావండి

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు ఒక్కొక్కటీ చెప్పి దండం పెట్టాలి గానీ, నాకు ముందు మాట్లాడిన నలుగురూ ఆ పని చేసేశారు. ఐదోసారంటే వాళ్లకే విసుగు. గ్రంథాలయ వారోత్సవాలు కదా, పుస్తకం గొప్పతనం గురించి మాట్లాడతాననుకున్నాను. కమిటీ వాళ్లు మాత్రం "మేస్టారూ, పోటీ పరీక్షల పిల్లలకి పనికొచ్చేలా ఇంగ్లీషు మాటల గురించి చెప్పండి" అన్నారు. సరే, చెప్తాను. కాకపోతే నాకో పాత బాకీ ఉంది. అదీ ఈ మైకు దగ్గరే తీర్చుకుంటాను.

మొన్న మా మనవడి చేతిలో ఒక గైడు చూశాను. రేర్ అంటే అరుదైన. స్కేర్స్ అంటే అరుదైన. అన్‌కామన్ అన్నా, ఇన్‌ఫ్రీక్వెంట్ అన్నా అరుదైనే. యునీక్ దగ్గరికొచ్చేసరికి కొంచెం కష్టపడి "చాలా అరుదైన" అని రాశాడు. ఇదేం అన్యాయమండీ? మన తెలుగులో మాటలకి అంత కరువొచ్చిందా? ఊరెళ్లిపోయిన మనవడు కనబడక నల్లపూసైపోయాడంటాం. అమావాస్యకో పున్నానికో ఫోన్ చేస్తాడంటాం. ఉన్నది ఒక్కగానొక్క కొడుకంటాం. ఈ ఏడు ఊడ్పులకి మనుషులు కరువంటాం. మీ ఇంట్లో బడి మెట్టెక్కని అమ్మమ్మ కూడా ఈ నాలుగింటినీ ఒకదానికి బదులు ఒకటి వాడదు. గైడు రాసినాయన వాడాడు.

తేడా ఎక్కడుందో చూడండి. రెండు తలల దూడ పుట్టడం రేర్. దాన్ని స్కేర్స్ అని ఎవరూ అనరు, ఎవరికి కావాలి కనక? ఉల్లిపాయ రేర్ ఎప్పటికీ కాదు, కానీ ధర మండిన నెలలో స్కేర్స్ అవుతుంది. రేర్ అన్నప్పుడు లోకంలో ఎంత ఉందన్నదే లెక్క. స్కేర్స్ అన్నప్పుడు చెయ్యి చాచినవాళ్లెంతమంది అన్నది కూడా లెక్కలోకొస్తుంది. రక్తంలో బాంబే గ్రూపు అని ఒకటుంది, 1952లో బొంబాయిలోనే గుర్తించారు కాబట్టి ఆ పేరు. అది ఏడాది పొడుగునా రేరే. మామూలు ఓ పాజిటివ్ రేర్ కాదు, కానీ ఆపరేషన్ థియేటర్ బయట నిలబడి ఫోన్లు చేస్తున్నవాణ్ణి అడగండి, అదీ స్కేర్సే అంటాడు.

రేర్‌కి లాటిన్‌లో మూలం రారుస్. ఎడంఎడంగా, పలచగా ఉన్నదని అర్థం. స్కేర్స్ మూలం వేరు, ఏరి తీసేసినదని. ఉన్నదాన్ని ఏరుకుపోగా మిగిలింది అన్నమాట. ఈ ఒక్కటి గుర్తు పెట్టుకుంటే మీకు గైడు అక్కర్లేదు. ఇంకొకటి. "ఐ రేర్లీ ఈట్" అంటే అమావాస్యకో పున్నానికో తింటానని. "ఐ స్కేర్స్‌లీ ఈట్" అంటే కంచం ముందు కూర్చుంటాను గానీ నాలుగు మెతుకులు కూడా దిగవని. మొదటాయన్ని హోటల్‌కి తీసుకెళ్లొచ్చు, రెండో ఆయన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. 'రేరెస్ట్ ఆఫ్ రేర్' అని 1980లో సుప్రీంకోర్టు బచన్ సింగ్ కేసులో ఉరిశిక్ష గురించి అంటే, ఇప్పుడు సన్మాన పత్రాల్లో కూడా వాడుతున్నారు. సరే, అది వదిలేద్దాం.

బాకీ సంగతికొస్తాను. 1996 సెప్టెంబరు, తొమ్మిదో తరగతి క్వార్టర్లీ. ఖాళీలు నింపుముకి పిల్లలకి తెలిసిన సంగతే ఇద్దామని, "పులస ఈజ్ డాష్ దిస్ ఇయర్" అని ఇచ్చాను. సముద్రంలో ఉన్నంతకాలం అది విలస. వరదకి ఎదురీది ఎర్రనీళ్లలోకి వచ్చాకే పులస. ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట అడ్డం. ఈలోపే వలలు. పుస్తెలమ్మైనా తినాలనే చేప కదా, జవాబు రేర్ అని నేను ముందే అనుకున్నాను. ఒక అమ్మాయి స్కేర్స్ అని రాసింది. వాళ్లమ్మ గంపలో చేపలమ్మేది. ఎర్ర సిరాతో కొట్టేసి సున్నా వేశాను. పేపర్లిచ్చిన రోజు ఆ పిల్ల లేచి నిలబడింది.

"మేస్టారూ, పులస మాకు వింతేం కాదండి. ఏటా వస్తాదండి. ఈ ఏడు అడిగినోళ్లందరికీ సరిపోవట్లేదండి, అంతే."

"కూర్చో" అన్నాను. ఇంకేమంటాను, మేస్టర్ని కదా.

ఆరు వారాలు తిరక్కుండా నవంబరు 6 తుఫాను వచ్చింది. ఇక్కడ నలభై దాటినవాళ్లెవరికీ ఆ రాత్రి గురించి నేను చెప్పక్కర్లేదు. వెయ్యిమందికి పైగా పోయారు. తెల్లారి చూస్తే కొబ్బరి తోటలన్నీ తల ఒకవైపే పెట్టి పడుకున్నాయి. కాలవ నిండా నీళ్లు, వీధి నిండా నీళ్లు, వాటిలో ఉబ్బిన గేదెలు. తాగడానికి చుక్క లేదు. ట్యాంకరొస్తుందంటే తెల్లవారుజాము నుంచీ బిందెలు వరస పెట్టాం. బిందె లేనివాళ్లు ఇటుకో, చెప్పో పెట్టారు. నా బిందెకి రెండు బిందెల ముందు ఆ పిల్ల నిలబడి ఉంది. వెనక్కి తిరిగి చూసింది.

"మేస్టారూ, నీళ్లు రేరాండీ, స్కేర్సాండీ?"

ఎగతాళికి అడగలేదండి, నిజంగానే అడిగింది. నేను చుట్టూ చూశాను. కనుచూపు మేరా నీళ్లే.

"స్కేర్సేనమ్మా" అన్నాను.

"మరి నా మార్కండీ?"

ఇచ్చేద్దునండి. కానీ గాలికి మా స్కూలు పెంకులెగిరిపోయి, బీరువాలోని మార్కుల రిజిస్టరు తడిసి ముద్దైపోయింది. వేద్దామంటే కాయితం లేదు. ఆ తర్వాత వాళ్లు ఊరొదిలి ఎటో వెళ్లిపోయారు.

సెక్రటరీ గారూ, మినిట్స్ పుస్తకం మీ దగ్గరే ఉందిగా? రాసుకోండి. తొమ్మిదో తరగతి, క్వార్టర్లీ, ఇంగ్లీషు, ఖాళీలు నింపుము. ఒక మార్కు.